రెండు రౌటర్లు, ఒక కేబిన్ మావయ్య

మా కులదైవం మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. ఆ రోజుల్లో నాకు కంప్యూటర్లంటే భక్తి ఎక్కువ, జ్ఞానం తక్కువ (రెండో సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు). రాయ్‌పూర్ భన్‌పురిలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో చేరి నెల కాలేదు. లారీలు తూచే కాటా గదిలో ఒక కెమెరా, దాని బొమ్మలు దాచే సర్వరు ఉండేవి. తిల్దాలోని తన రైస్ మిల్లులో కూర్చుని ఆ కాటాను చూడాలని మా సేఠ్‌జీ ముచ్చట. "చిటికెలో పని" అన్నాను. "షామ్ తక్ నహీ దిఖా, తో కల్ మత్ ఆనా" అన్నాడు. సాయంత్రానికి కనిపించకపోతే రేపట్నుంచి రావద్దని!

పోర్ట్ ఫార్వార్డింగ్ అంటే బయటినుంచి వచ్చే పిలుపును సరైన కంప్యూటరుకు మళ్లించడం. కాటా గది రౌటర్లో మళ్లించాను. తిల్దాలో తెర నల్లగానే ఉంది. పదిసార్లు చెరిపి మళ్లీ పెట్టాను. రౌటరుకు అగరుబత్తి కూడా తిప్పాను. నాలుగింటికి, అటుగా పనిమీద వచ్చిన మా మావయ్య (రైల్వే కేబిన్లో ముప్ఫయ్యేళ్లు పట్టాలు కలిపి రిటైరైన శ్రీకాకుళం మనిషి) తొంగి చూశాడు.

"ఏట్రా, మొకం అలగెట్టావు?"

చెప్పాను. ఆయన కంప్యూటరు వైపు చూడనైనా చూడలేదు. గోడ వెంట వైరు పట్టుకుని నడిచి, ఆఫీసు గదిలో బీరువా వెనక ఇంటర్నెట్ వాళ్లు పెట్టిపోయిన మరో రౌటరు దగ్గర ఆగాడు.

"రెండు కేబిన్లున్నాయి కదరా ఎర్రోడా! బండి ముందొచ్చేది ఈడి దగ్గరకి. ఈడు లైన్ ఇవ్వకపోతే లోపలోడు పాయింటు కొట్టి పట్టాలెంత కలిపినా ఏటి లాభం? బండి ఊరి బయట ఔటర్ సిగ్నల్ కాడే నిలబడిపోద్ది."

అప్పుడర్థమైంది. బయటి రౌటరు లోపలి రౌటరుకు పంపాలి, లోపలిది సర్వరుకు పంపాలి. అలాగే పెట్టాను. ఫోను మోగింది, తిల్దానుంచి సేఠ్‌జీ. "అరే, ట్రక్ దిఖ్ రహా హై! డ్రైవర్ బీడీ పీ రహా హై!" కిటికీలోంచి చూశాను. కాటా మీద లారీ, పక్కన డ్రైవరు, నోట్లో బీడీ. నా కళ్లముందు లేస్తున్న పొగే ఎక్కడో తిల్దాలో సేఠ్‌జీ కళ్లముందూ లేస్తోంది! మావయ్యా నేనూ గర్భగుడి ముందు నిలబడ్డట్టు నిలబడిపోయాం. "కిస్‌కా దిమాగ్ హై యే?" అన్నాడు సేఠ్‌జీ, ఎవరి బుర్ర ఇదని. "మా మావయ్యది" అన్నాను గర్వంగా.

ఒట్టు వేశాను గనక చెప్పాలి, ఆ చివరి మాటొక్కటి కల్పన. నిజానికి "మేరా" అన్నాను, నాదేనని. పక్కనే ఉండి విన్న మావయ్య "బండి చేరిందిగా, చాల్లే" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. జుట్టు పలచబడిన ఈ వయసులో ఆ "మేరా" గుర్తొస్తే నవ్వొస్తుంది, సగంలో ఆగిపోతుంది. అందుకే ఇంతమంది ముందు ఈ కథలో ఆ ఫోను మళ్లీ ఎత్తాను, ఆ కుర్రాడి చేత "మావయ్యది" అనిపించాను.