ఎవరి గొంతులో పాడమంటారు?

పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో ఆర్కెస్ట్రా పాటలు పాడుతూ నరసరావుపేటలో ఇరవై ఏళ్ళుగా బతుకుతున్నాను. పేరు చెప్తే నన్ను ఎవరూ ఎరగరు గానీ, "పాత సినిమాల్లో పాడిన పెద్దావిడ గొంతు అచ్చు దించేస్తదే, ఆమె" అంటే కోటప్పకొండ దాకా గుర్తుపడతారు. మా వృత్తిలో అంతకు మించిన పొగడ్త లేదు. నాకు ఐదు గొంతులు వచ్చు. ఆరోది, అంటే నాది, ఉందో లేదో ఎప్పుడూ చూసుకోలేదు.

అలాంటి నన్ను హైదరాబాద్ నుంచి ఇద్దరు ఆల్బమ్‌కు పిలిచారు. ఒకాయన పాట రాస్తాడు, ఇంకొకాయన బాణీ కట్టి రికార్డు చేస్తాడు. పట్టిందల్లా బంగారమవుతున్న జంట. వాళ్ళ పాట మోగని పెళ్ళి ఊరేగింపు ఈమధ్య నేను చూడలేదు. గురజాలలో స్నేహితుడి పెళ్ళికొచ్చి నా పాట విన్నారట. ఆరు పాటలు, ఆరూ నావే, పైన నా ఫోటో. నలభై రెండేళ్ళ వయసులో నాకొక సొంత పాట. ఆగలేక వీధంతా చాటుకున్నాను. ఆగే బుద్ధే ఉంటే నేను నేనెందుకవుతాను?

స్టూడియోలో అద్దాల గదిలో నిలబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి పాడమన్నారు. గొంతు సవరించుకుని, మా పద్ధతి ప్రకారం అడిగాను.

"ఎవరి గొంతులో పాడమంటారు?"

అద్దం అవతల ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మీ గొంతులోనే అక్కా," అన్నాడు బాణీ కట్టేవాడు.

పాడాను. "ఇది ఆ పాత పెద్దావిడ గొంతు కదక్కా," అన్నాడు. మార్చి పాడాను. "ఇది ఇప్పుడు హీరోయిన్లకు పాడే అమ్మాయిది," అన్నాడు. మధ్యాహ్నానికి ఐదు గొంతులూ అయిపోయాయి. ఆఖరికి మగ గొంతు కూడా ప్రయత్నించానని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. వాళ్ళ వైపు మైకు ఆపడం మరిచిపోయినట్టున్నారు, పాట రాసేవాడి మాట నా చెవుల్లోనే పడింది.

"సాయంత్రం దాకా చూద్దాం. రాకపోతే వేరే అమ్మాయిని పిలుద్దాం."

కడుపు మండిపోయింది. వాళ్ళ మీద కాదు, నా మీద నాకే. వీధంతా చాటొచ్చి ఏ మొహం పెట్టుకుని వెనక్కి వెళ్ళను? ఏడుపు దిగమింగుతుంటే సంచిలో ఫోన్ మోగింది. లోపలికి వచ్చేముందు ఆపమన్న సంగతే నాకు గుర్తులేదు. చేసింది మా ఆయన. మా ఆర్కెస్ట్రాలో ప్యాడ్లు వాయిస్తాడు, ఇంట్లో మాత్రం కళ్ళెదురుగా ఉన్న వస్తువు కూడా కనపడదు.

"ఏమే, ఆవకాయ జాడీ ఎక్కడ పెట్టావు?"

"నా నెత్తిన పెట్టుకొచ్చా. పదేళ్ళ నించి ఆ గూట్లోనే ఉంటంది. కళ్ళేమన్నా కోటప్పకొండలో వదిలొచ్చావా? ఇక్కడ నా బతుకు తెల్లారతా ఉంటే నీకు ఆవకాయ కావాల్సొచ్చిందా?"

ఫోన్ పెట్టేసి తలెత్తితే, నా ముందున్న మైకులోంచి అంతా విన్నట్టున్నారు, అద్దం అవతల ఇద్దరూ లేచి నిలబడి ఉన్నారు. "అక్కా, ఆ గొంతే. బావగారిని తిట్టినట్టే పల్లవి అనండి."

అన్నాను. పల్లవి, చరణాలు ఒక్క ఊపులో వచ్చేశాయి. తర్వాత వినిపించారు. కాస్త బొంగురు, కాస్త పొగరు, మాట విరుపులో మా అమ్మ. ఇన్నేళ్ళూ నాతోనే ఉన్న మనిషిని మొదటిసారి కలిసినట్టుంది. సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

ఆల్బమ్ వచ్చింది. ఆ పాట ఆటోల్లో మోగింది. కారంపూడిలో ఒక పెళ్ళివాళ్ళు అదే పాడమన్నారు. దర్జాగా పాడి కిందికి దిగితే పెళ్ళికూతురి నాయనమ్మ చెయ్యి పట్టుకుంది.

"చానా బాగా పాడావమ్మాయ్. కాకపోతే ఫోన్లో పాడే ఆమె గొంతు నీకు పడలా."

అది నేనేనని చెప్పబోయి ఆగాను. ఆమె అన్నది నిజమే. స్టేజీ ఎక్కగానే అలవాటు కొద్దీ గొంతుకు తేనె పూశాను. ఐదుగురిని అచ్చు దించగలిగిన దాన్ని, నన్ను నేను దించుకోలేకపోయాను. మా ఆయన ప్యాడ్ల వెనక ఒకటే నవ్వు.

అప్పట్నుంచి మాకొక ఒప్పందం. ఆ పాటకు ముందు ఆయన నా చెవి దగ్గరకొచ్చి, ఆవకాయ జాడీ ఎక్కడని అడగాలి. అడిగితే గానీ నా గొంతు నాకు రావడం లేదు. మొన్న వినుకొండలో హడావుడిలో పడి అడగడం మరిచిపోయాడు. జనం ఈలలేశారు, మళ్ళీ పాడమన్నారు. ఆ పాడింది ఎవరో నాకే తెలియలేదు.