తొమ్మిదో కారణం

ఆమె పదకొండేళ్లు బడిలో డ్రాయింగ్ టీచరు. బడివాళ్లు బొమ్మల పీరియడ్ ఎత్తేసి అందులో లెక్కలు పెట్టుకున్నాక, ముప్పై నాలుగో ఏట కంప్యూటర్ తెరలు డిజైన్ చేయడం నేర్చుకుంది. ఆ వయసులో ఇంటర్న్‌గా తీసుకునేవాళ్లు దొరకలేదు. చివరికి బావగారే తన స్నేహితుడితో మాట్లాడాడు. ఆ స్నేహితుడు ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీకి మేనేజరు. మూడు నెలల పని, నచ్చితే ఉద్యోగం.

అప్పటికే ఆమె అక్కావాళ్లింట్లో ఉంటోంది. కుట్టుమిషను హాల్లోకి జరిపి ఆ గది ఆమెకిచ్చారు. ఇన్నాళ్లు ఉన్నావేమని ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆమెకు బరువుగా ఉండేది.

లాండ్రీలో ప్రతి యంత్రం పక్కనా స్టాండుకి ఒక ట్యాబ్ బిగించి ఉంటుంది. యంత్రం రెండు నిమిషాలకు మించి ఆగితే దాని తెర ఎర్రబడి, ఎందుకాగిందని అడుగుతుంది. కింద చీమతలకాయలంత అక్షరాల్లో పద్నాలుగు కారణాలు. వాటిలో ఒకటి నొక్కితేగాని ఎరుపు పోదు. తడి చేతులకు అది పలకదు, చేతి తొడుగులకు అసలే పలకదు. దాన్ని తేలిక చేయడమే ఆమె పని.

మొదటి మూడు వారాలూ ఆమె ఇస్త్రీ యంత్రం దగ్గరే నిలబడింది. అక్కడ ఒక పెద్దావిడ రోజంతా తడి దుప్పట్ల అంచులు పట్టుకుని వేడి రోలర్లలోకి అందిస్తుంటుంది. అందరికీ ఆవిడ పెద్దమ్మే. పనిచేస్తూనే మాట్లాడేది. ఈమెను టీచరమ్మా అని పిలిచేది. మీ పేరు ఎక్కడా రాయనని ఈమె చెబితే, రాసుకో, నా పేరేమైనా బంగారమా అని నవ్వింది.

ఒకరోజు పెద్దమ్మ తనే యంత్రం ఆపేసింది. తెర ఎర్రబడగానే చూడకుండానే తొమ్మిదో కారణం నొక్కి, బట్టల బుట్ట తిరగేసి దాని మీద కూర్చుంది. తొమ్మిదో కారణం, ‘రోలర్లో బట్ట చిక్కుకుంది’. బట్టేమీ చిక్కుకోలేదు.

“ఈ పద్నాలుగింట్లో యంత్రానికొచ్చే రోగాలన్నీ ఉన్నాయి టీచరమ్మా. మనిషికొచ్చేది ఒక్కటి పెట్టలేదు. మోకాళ్లు పట్టేస్తే ఏది నొక్కాలి? అందుకే అందరం తొమ్మిది నొక్కుతాం.”

చూసింది చూసినట్టు రాయాలని నేర్చుకున్న మనిషి, అదీ రాసేసింది. పైగా ‘విశ్రాంతి’ అని ఇంకో కారణం చేర్చాలని సూచన కూడా జోడించి, నోట్సు మేనేజరుకు పంపింది. మంచి పని చేశాననే అనుకుంది.

రెండు రోజుల తర్వాత మేనేజరు పిలిచాడు. ఆయన అరిచే మనిషి కాదు. మూడేళ్లుగా ఆ రోలర్లు పాడైపోయాయనుకుని మెకానిక్‌లను పిలిపిస్తూనే ఉన్నాడట. అసలు సంగతి ఆమె మూడు వారాల్లో పట్టేసిందని మెచ్చుకున్నాడు. ఇకమీదట తొమ్మిది నొక్కగానే కెమెరా తెరుచుకోవాలి, చిక్కుకున్న బట్ట ఫోటో తీస్తేగాని ఎరుపు పోకూడదు, అలా గీయమన్నాడు. విశ్రాంతి సంగతి ఆమె ఎత్తితే, అది తరవాత చూద్దామన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ పని మానేస్తానని చెప్పింది. అక్క లేచి కంచాలు తీసింది. బావగారు నెమ్మదిగా అన్నాడు.

“నా మాట మీద తీసుకున్నాడమ్మా నిన్ను. ఇంకో రెండు నెలలేగా. ఆ తర్వాత నీ ఇష్టం.”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆమె గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ గదికి కిటికీ లేదు.

కెమెరా తెరను కావాలనే అధ్వాన్నంగా గీద్దామనుకుంది. గీసింది కూడా. గంటసేపు చూసి, ఉండబట్టలేక అక్షరాలు పెద్దవి చేసింది. బటన్ తడి వేలికి అందేలా జరిపింది. చెడ్డగా గీయడం ఆమెకు చేతకాలేదు.

గీసిన తెరను పనివాళ్ల చేత వాడించి చూడాలి. మేనేజరు ఇచ్చిన జాబితాలో మొదటి పేరు పెద్దమ్మదే. ఇద్దరూ గోదాము పక్కన చిన్న గదిలో ఎదురెదురుగా కూర్చున్నారు. పెద్దమ్మ అలవాటుగా తొమ్మిది నొక్కింది. కెమెరా తెరుచుకుంది. అందులో ఆవిడ ఒళ్లో పెట్టుకున్న చేతులు కనిపించాయి. కాసేపు వాటినే చూసింది.

“ఇది నేను చెప్పాకే వచ్చిందా?”

“అవును పెద్దమ్మా. నేనే రాశాను. ఇలా చేస్తారనుకోలేదు.”

పెద్దమ్మ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆమెకు. ఆవిడ మిగతా తెరలన్నీ ఓపిగ్గా నొక్కి చూసింది. లేవబోతూ అంది.

“చాలా తేలిగ్గా ఉంది మేడమ్. రాసుకోండి.”

కొత్త తెర వచ్చిన నెలకు, రోజుకు నలభైసార్లు నొక్కే తొమ్మిది రెండుకు దిగింది. బుట్టలు తిరగేసి కూర్చోవడం పోయింది. ఆమెకు ఉద్యోగం ఖాయమైంది. అక్క సంతోషించింది, బావగారు స్నేహితుడికి ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పాడు. మానేసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా. విశ్రాంతి బటన్ కోసం ఆమె మూడుసార్లు రాసి పంపింది. మూడుసార్లూ వచ్చే దఫా చూద్దామనే జవాబొచ్చింది. పెద్దమ్మ ఎదురుపడితే బాగున్నారా మేడమ్ అని పక్కకి తప్పుకుని దారిస్తుంది.

ఏడాది తిరిగాక ఆరబెట్టే విభాగానికీ కొత్త తెర కావాలన్నారు. మళ్లీ పనివాళ్లతో మాట్లాడి రావాలి. అక్కడి ఆవిర్లలో చెమటలు కక్కుతూ పనిచేస్తున్న ఒకాయన, ఎవరో తమ కష్టం అడగడానికొచ్చారని ఉత్సాహంగా దగ్గరికొచ్చాడు. ఆయన నోరు తెరవకముందే ఆమె చెప్పింది.

“మీరు చెప్పేదంతా పైకి వెళ్తుందండీ. చూసుకుని చెప్పండి.”

ఆయన ఆమె ముఖంలోకి ఒకసారి చూశాడు. మాకేం ఇబ్బంది లేదండీ, అంతా బాగానే ఉంది అన్నాడు. ఆమె అదే రాసుకుంది. తర్వాతి వాళ్లకూ ముందు అదే చెప్పింది. వాళ్లూ అదే అన్నారు. రిపోర్టు అరపేజీ కూడా రాలేదు.

మేనేజరు కాగితం వెనక్కి తిప్పి చూసి, ఇంతేనా అన్నాడు.

ఇంతేనండీ అంది.