వెనక్కి పెట్టిన వాగ్దానం

‘పాస్‌వర్డ్ కట్టుకున్న భార్యకు కూడా చెప్పరాదు’ అని మాదాపూర్ టవర్‌లోని ఆఫీసు గోడకు కాగితం అంటించినవాడు ఆనందరావే. మూడుసార్లు తప్పు కొడితే డిస్కుల పెట్టె ఎంతటివాడినైనా బయటే నిలబెట్టాలని, పది ఉన్న అంకెను మూడుకు తగ్గించినవాడూ ఆనందరావే. 1999 మార్చిలో ఒక ఉదయం, రెండుసార్లు తప్పు కొట్టి ఆ పెట్టె ముందు చెమటలు కక్కుతున్నవాడు కూడా, సిగ్గుచేటు గానీ, ఆనందరావే.

తెనాలిలో టీవీలు బాగుచేసుకునే మనిషి. ఆరు నెలల కోర్సొకటి చేసి హైదరాబాదు వచ్చి, లింగంపల్లిలో కాపురం పెట్టాడు. ఆఫీసులోని సర్వర్లన్నిటి సమాచారం దాచే ఒకే ఒక్క పెద్ద పెట్టెకు అతను కాపలా. నిజం చెప్పాలంటే అది రేషన్ డీలరు పనే. కొత్త సర్వర్ వస్తే దాని లోపలి కార్డు మీది పదహారక్షరాల నంబరు పెట్టెలో ఎక్కించాలి. దాని వాటా డిస్కులేవో చూపించాలి. పేరెక్కని సర్వర్‌కు పెట్టె ఏమీ ఇవ్వదు. ఈ మాత్రం దానికే, తాను సెలవు పెడితే అమెరికాలో పని ఆగిపోతుందని చర్చిలో కోతలు కోసేవాడు.

ఆ చర్చిలోనే వచ్చింది తంటా. జనవరి ఒకటిన ఆరాధన అయ్యాక పళ్ళెంలో వాగ్దానం కార్డులు పెడతారు. చేతికొచ్చిన కార్డులోని వాక్యమే ఆ ఏడాదికి దేవుడిచ్చిన మాట. ఆనందరావుకు ఓర్చుకోమనే వాక్యం వచ్చింది. ఉద్యోగం ఖాయం కావాల్సిన ఏడాదిలో ఓర్పు ఎవడికి కావాలి? పాస్టరు గారు అటు తిరగ్గానే దాన్ని పళ్ళెంలో పెట్టేసి ఇంకోటి తీశాడు. దేవుడు పైకెత్తుతాడనే హెచ్చింపు వాక్యం! దాన్నే గొంతెత్తి అందరికీ చదివి వినిపించాడు.

సోమవారం పెట్టె కొత్త పాస్‌వర్డ్ అడిగినప్పుడు మాత్రం మనసు పీకింది. దొంగతనంగా తీసిన మాటతో తాళం వేస్తే అచ్చిరాదని, మొదటి కార్డులోని అధ్యాయం, వచనం అంకెలు పెట్టాడు. దేవుణ్ణి సభలో మోసం చేసి, పాస్‌వర్డ్‌లో లెంపలేసుకున్నాడన్నమాట.

ఆ తర్వాత రెండున్నర నెలలు పెట్టెతో పని పడలేదు. ఇప్పుడు కొత్త సర్వర్ వచ్చింది. అధ్యాయం ఐదని గుర్తుంది. వచనం ఏడు అని కొట్టాడు, కాదంది. ఎనిమిది అని కొట్టాడు, కాదంది.

మేనేజరు వినయ్ తలుపు తీసి తొంగిచూశాడు. కడప మనిషి, మాట సూటిగా ఉంటుంది.

“ఏం సామీ, అయితాందా లేదా? పన్నెండుకు అమెరికా వాళ్ళు చూస్తారు. అప్పటికి సర్వర్‌కు డిస్కులు కనపడాల. లేకుంటే నీ కన్ఫర్మేషన్ కాగితం నా డ్రాయర్లోనే ఉంటాది.”

“ఐదు నిమిషాలండి,” అన్నాడు ఆనందరావు.

ఇంకోసారి తప్పితే పెట్టె మూసుకుంటుంది. తెరవాలంటే బొంబాయి నుంచి ఇంజనీరు రావాలి, అందుకు రెండు రోజులు. వాక్యం చూసుకుందామంటే బైబిలు ఇంట్లో ఉంది. పాస్టరు గారిని అడగడం కంటే బొంబాయి ఇంజనీరే నయం. చివరికి భార్య లీదియా నర్సుగా పనిచేసే ఆస్పత్రికి ఫోన్ చేశాడు.

“ఓర్పు గురించిన వాక్యం ఒకటుంది కదా. ఐదో అధ్యాయం. ఎన్నో వచనం?”

“ఓర్పు గురించి చాలా ఉన్నాయండి. ఏదని చెప్పను?”

ఆనందరావు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. “జనవరి ఒకటిన నాకు మొదట వచ్చింది. వెనక్కి పెట్టేశాను. ఆ హెచ్చింపు నాకు రాలేదు లీదియా, నేనే తీసుకున్నాను.”

అవతల హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగిన శబ్దం వినిపించింది.

“పదకొండో వచనం,” అంది లీదియా.

పదకొండు కొట్టాడు. పెట్టె తెరుచుకుంది. ఆనందరావుకు ఏడుపొచ్చినంత పనైంది.

“ఆ కార్డు నీ దగ్గరెందుకుంది?”

“మీ వెనకే నిలబడ్డానుగా. మీరు పెట్టేసిందే నేను తీసుకున్నాను. మీతో కాపురం చేసేదాన్ని, మీకంటే నాకే అవసరమనిపించిందండి.”

“మరి నేను ఊరంతా హెచ్చింపు, హెచ్చింపు అని చెప్పుకు తిరుగుతుంటే?”

“ఓర్చుకున్నాను,” అని ఫోన్ పెట్టేసింది.

సర్వర్ నంబరు రెండుసార్లు సరిచూసి ఎక్కించాడు. పదకొండూ నలభైకి డిస్కులు కనపడ్డాయి. “శభాష్ సామీ, సాయంత్రం వచ్చి కాగితం తీస్కపో,” అన్నాడు వినయ్. ఇన్నాళ్ళూ కలవరించిన మాట అది. తీరా వింటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పాస్‌వర్డ్ రెండో మనిషికి తెలిస్తే అదే రోజు మార్చాలి. అది కూడా అతను రాసిన నియమమే. మార్చడానికి కూర్చున్నాడు, చాలాసేపు చూశాడు, మార్చకుండానే లేచాడు. తర్వాత పెన్ను తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళి, కాగితం మీద ‘కట్టుకున్న భార్యకు కూడా’ అన్న మాటలు కొట్టేశాడు.