పదికి పైన అంకె లేని గడియారం

నా చిన్నప్పుడు ఒక ఆదివారం పొద్దున మా వీధి జనమంతా ఇళ్ళు వదిలి బయటికొచ్చి నిలబడ్డారు. అందుకు కారణం మా తిన్నె మీదున్న ఒక పెట్టె. దాన్ని తెచ్చింది మా నాయనే.

అప్పుడు మేము తమిళనాడులోని కోవిల్‌పట్టిలో, తెలుగువాళ్ళ వీధిలో ఉండేవాళ్ళం. నాయన విరుదునగర్‌లో ఒక పాత ఇనుము కొట్టులో పని చేస్తూ శనివారం సాయంత్రం బస్సులో ఇంటికి వచ్చేవాడు. అమ్మ మా వీధి చివరి అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలు పేర్చేది. గాడులు తీసిన చెక్క పట్టీ మీద గాడికో పుల్ల పెట్టాలి. దాని మీద ఇంకో పట్టీ వేయాలి. అలా యాభై పట్టీలు దొంతరగా బిగిస్తే దాన్ని సట్టం అంటారు. పుల్లల తలలు మందులో ముంచేది ఆ సట్టంతోనే. బడికి సెలవైతే నేనూ అమ్మ పక్కన కూర్చుని పేర్చేదాన్ని. మా వీధిలో ఆ పని తెలియని ఆడమనిషి లేదు.

ఆ వారం నాయన పనిచేసే కొట్టుకు మద్రాసులో మూతపడిన ఒక సినిమా స్టూడియో సామాను లారీలో వచ్చిందట. ఎప్పుడో నలుపు తెలుపు సినిమాల కాలంలో వాడిన వస్తువులు. నాకు సినిమాలంటే పిచ్చి కాబట్టి, కొట్టు యజమానిని అడిగి అందులోంచి ఒక పెట్టెను గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. పొద్దున్నే తిన్నె మీద పెట్టి సంచి విప్పాను. అంతా వెండి రంగు. ముందు వైపు రెండు గుండ్రటి కళ్ళు, ఒక నోరు, నెత్తి మీద కొమ్ము, నడుమ ముల్లున్న గడియారం, పక్కల నుంచి వేలాడే ఎర్రటి తీగలు. నాకైతే చాలా బాగుందనిపించింది.

పక్కింటి అక్క నీళ్ళబిందెతో పోతూ చూసింది. బిందె అక్కడే వదిలేసి అరిచింది.

"అయ్యో, బాంబు! గడియారం పెట్టిన బాంబు!"

ఆ రోజుల్లో పేపర్లలో అలాంటి వార్తలు తరచూ వచ్చేవి. పైగా మందు అంటుకుంటే ఏమవుతుందో మా వీధి ఆడవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. చాలామంది చేతుల మీద కాలిన మచ్చలున్నాయి. నా అరచేతులకు అంటిన వెండి పొడి చూసి, అది మందేమోనని మా అమ్మ నన్ను ఈడ్చుకుపోయి మూడుసార్లు చేతులు కడిగించింది.

ఇంటి యజమానురాలిని మేము పెద్దమ్మ అనేవాళ్ళం. ఆమె వచ్చి మా నాయన ఎదురుగా నిలబడింది.

"సినిమా సామానంట! కత సెప్తా ఉండావా? పోలీసుకు మనిషిని పంపినా. వాళ్ళొచ్చి నిన్ను తీసకపోనీ. మీరు ఈ పొద్దే నా ఇల్లు కాళీ సెయ్యండి."

నాయన సంచి పట్టుకుని వీధి మధ్యలో అలాగే నిలబడిపోయాడు. పోలీసులు నాయనను తీసుకుపోతారు, మేము ఈ ఇంట్లో ఉండము, ఇదంతా నాకు సినిమా ఇష్టం కావడం వల్లే జరిగింది అనుకుంటూ నేను అమ్మ కొంగు పట్టుకుని ఏడ్చాను.

పక్క వీధి నుంచి మా తాతయ్య వచ్చాడు. అమ్మకు నాన్న ఆయన. ముప్పై ఏళ్ళు నూలు మిల్లులో ఫిట్టరుగా చేసిన మనిషి. అందరినీ దూరంగా పొమ్మని, పెట్టెను ఎదుటి ఖాళీ స్థలంలోకి తీసుకుపోయి, స్క్రూడ్రైవరు పట్టుకుని ఒక్కడే దాని ముందు కూర్చున్నాడు. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. తరువాత లేచి, మిల్లులో లెక్క అప్పజెప్పినట్టు గట్టిగా చెప్పాడు. కళ్ళు రెండూ సైకిలు గంటల మూతలు. నోరు కిరసనాయిలు స్టవ్వు బర్నరు. నెత్తి మీది కొమ్ము మిల్లులో నూలు చుట్టే కండె.

"గడియారం అంటా ఉండారే, పదికి పైన అంకె ఏదీ? ఇది కాయకూరలు తూచే తూకం ముల్లు."

ఎవరూ నవ్వలేదు. "అల్లుణ్ణి కాపాడేదానికి ఏమైనా సెప్తావు," అంది పెద్దమ్మ.

తాతయ్య నన్ను పిలిచాడు. అమ్మ వద్దంది. ఆయన వచ్చి నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, భుజం మీది తువ్వాలుతో నా కళ్ళకు గంతలు కట్టాడు. "సుమ్మా ఊరికే ఉండు, పయపడొద్దు," అంటూ నా చేతిని పెట్టె కింది భాగం మీద పెట్టాడు. ఆ భాగం చూడ్డానికి ఏదో భయంకరమైన యంత్రం పళ్ళలా ఉండేది. ముందు నా గుండె చప్పుడు తప్ప ఇంకేమీ తెలియలేదు. ఆయన చెయ్యి నా చేతి మీదే ఉంది, వేడిగా, గరుకుగా. నెమ్మదిగా నా వేళ్ళు కదిలాయి. ఒక గాడి. దాని పక్కన ఇంకో గాడి. సరిగ్గా పుల్ల పట్టేంత.

"తాతా, ఇది సట్టం!"

వెండి రంగు పూసేసరికి, రోజూ చేతిలో పట్టుకునేవాళ్ళు కూడా దాన్ని గుర్తుపట్టలేకపోయారు. పెద్దమ్మ నమ్మక దగ్గరికొచ్చింది. "కన్ను మూసుకోమ్మా, దొంగతనంగా సూడొద్దు," అన్నాడు తాతయ్య. ఆమె కళ్ళు మూసుకుని పట్టీని తాకింది. తాకగానే ఆమె బొటనవేలు, చూపుడువేలు వాటంతట అవే పుల్లలు పెడుతున్నట్టు గాడి నుంచి గాడికి పోసాగాయి. ఇరవై ఏళ్ళ అలవాటు అది. కళ్ళు తెరిచి తన వేళ్ళను తానే చూసుకుని పకపకా నవ్వింది.

"పాడు సట్టం! నా నడుము ఇరగ్గొట్టింది సాలక సినిమాలో కూడా యేసిందా!"

పోలీసాయన సైకిలు మీద వచ్చేసరికి మా వీధి ఆడవాళ్ళు వరసగా నిలబడి, ఒక్కొక్కరే కళ్ళు మూసుకుని ఆ పెట్టెను తడుముతున్నారు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. తాతయ్య ఆయనకు తమిళంలో మళ్ళీ మొదటి నుంచీ చెప్పి, ఒక ఎర్ర తీగ కొస చేతికిచ్చి, ఎక్కడికి పోతుందో చూడమన్నాడు. ఆయన వేలితో తీగ వెంట పోయాడు. పెట్టె వెనక ఒక మేకుకు చుట్టి వదిలేశారు, అంతే. అది ఎక్కడికీ పోలేదు. పోలీసాయన తూకం ముల్లును రెండుసార్లు తిప్పి, ఇది ఏ సినిమాలోదని అడిగి, పక్కింటి అక్క ఇచ్చిన మజ్జిగ తాగి, పెట్టెను కొట్టుకు తిరిగి ఇచ్చెయ్యమని చెప్పి వెళ్ళిపోయాడు.

నాయన తిన్నె మీద కూలబడ్డాడు. పెద్దమ్మే లోపలికి పోయి తన ఇంట్లోంచి అన్నం తెచ్చి ఆయన ముందు పెట్టింది. నాయన నాలుగు ముద్దలు తిన్నాక గానీ అమ్మ నా చెయ్యి వదలలేదు. ఏ పాత సామాన్ల అంగడో దాటి, ఎవరి చేతుల మీదుగానో మద్రాసు చేరిన మా ఊరి సట్టం మళ్ళీ మా వీధికే వచ్చిందని తాతయ్య చాలా రోజులు చెప్పుకుని మురిసిపోయాడు.

ఇప్పుడు నేనొక పాపకు తల్లిని. సహజంగా నేను భయస్తురాలిని. పాప రెండుసార్లు దగ్గితే నాకు నిద్ర పట్టదు. పోయిన నెల జ్వరం తగ్గక విరుదునగర్‌లో ఆసుపత్రిలో చేర్చాం. మంచం పక్కన ఒక యంత్రం, అంకెలు, కూత, పాప చుట్టూ తీగలు. అప్పుడు ఆ రోజు నా కళ్ళకు కట్టిన తాతయ్య తువ్వాలు వాసన గుర్తొచ్చింది. నర్సమ్మను ఒక్కొక్కటీ అడిగాను. ఇది ఏమిటి, అది ఎందుకు అని. ఆమె విసుక్కోకుండా చెప్పింది. ఈ అంకె గుండె కొట్టుకునే వేగం. ఈ కూత తీగ జారితే వస్తుంది, అంతే. ఈ గొట్టంలో పోయేది ఉప్పు నీళ్ళు.

ఆమె వెళ్ళాక కళ్ళు మూసుకుని, యంత్రం నుంచి వచ్చే తీగను వేలితో పట్టుకుని మెల్లగా దాని వెంట పోయాను. మంచం అంచు దాటి, దుప్పటి కిందుగా, మడత దాటి వెళ్ళింది. చివర నా వేలికి మా పాప కాలి బొటనవేలు తగిలింది. అంతకు ముందు రోజు నిప్పులా కాలిన ఆ వేలు ఇప్పుడు మామూలు వెచ్చదనంతో ఉంది. నేను కళ్ళు తెరవకముందే అది నా చేతిలో ఒకసారి కదిలింది.