చెప్పు మీద రాయని పేరు

రంజాన్‌కు ముందు ఇల్లంతా దులపడం మా ఇంటి రివాజు. ఈసారి మంచం కింద చీపురు పెడితే ఒక జత హవాయి చెప్పులు బయటికొచ్చాయి. తెల్ల రబ్బరు, నీలం పట్టీలు. హైదరాబాదులో ఏ మసీదు మెట్ల దగ్గర చూసినా ఇలాంటివి కుప్పలుగా ఉంటాయి. కానీ వీటికి మడమ ఆనే చోట చుక్కలు చుక్కలుగా కాల్చిన అంకెలున్నాయి. అవి నా ఫోను నంబరు. కాల్చింది మా వదిన, కబాబులు గుచ్చే ఇనుప సీకుతో. చెప్పులు మా అన్నవి.

తాతల కాలంలో పాలమూరు వైపు నుంచి హుస్సేనీ ఆలంకు వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. ఇంట్లో తెలుగూ దక్కనీ ఒకే పళ్లెంలో కలిపి తింటాం. నాకు అలిఫ్, బే అక్షరాలు దిద్దించింది అన్నే. నమాజు చదివించే ఇమామ్‌సాబ్ ఎక్కడైనా ఒక వాక్యం దగ్గర తడబడితే వెనక వరుసలోంచి మెల్లగా అందించేది కూడా ఆయనే. అక్షరమంటే ఆయనకు ఎంత అదబో, ఎంత గౌరవమో చెప్పలేను. దారిలో ఏ కాగితం ముక్క కనిపించినా వంగి తీసి, దుమ్ము దులిపి, కళ్లకద్దుకుని పక్కనున్న గోడ సందులో దోపేవాడు. అందులో దైవనామం ఉందేమో, ఎవరైనా తొక్కుతారేమోనని ఆయన భయం. బజారుకు వెళ్లి కూరగాయలతో రావడానికి ఆయనకు పూట పట్టేది. మా గల్లీలో గోడలు నిలబడి ఉన్నది ఆ కాగితాల వల్లనేనని వదిన ఎగతాళి చేసేది.

అలాంటి మనిషికి మరుపు వచ్చింది. ముందు వీధుల పేర్లు పోయాయి, తర్వాత మనుషుల పేర్లు. చదివిన ఖురాన్ సూరాలు మాత్రం ఒక్క అచ్చు కూడా చెదరలేదు. ఇంట్లోంచి వెళితే తిరిగి రావడం తెలియని స్థితి వచ్చాక, చిరునామా రాసిన కార్డు జేబులో పెట్టాం. ఆయన దాన్ని చూసి, కళ్లకద్దుకుని, భద్రంగా ఏదో గోడ సందులో పెట్టి వచ్చాడు. చేతికి పట్టీ కడితే, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వుజూ చేసేటప్పుడు దాని కింద చర్మం తడవదని ప్రతిసారీ విప్పేసేవాడు. మతి తప్పినవాడిని మందలించవచ్చు. ధర్మం తప్పనివాడిని ఏమని మందలించేది? చివరికి తేలింది ఏమంటే, ఆయన ఏది మరిచినా చెప్పులు వేసుకోకుండా మాత్రం గడప దాటడు.

చెప్పుల మీద మొదట మార్కర్‌తో రాశాను. కొన్నాళ్లకే వుజూ నీళ్లకూ మడమ రాపిడికీ అంకెలు పోయాయి. పర్మనెంట్ అన్న మాట మార్కర్ మీద మాత్రం చెక్కుచెదరలేదు. గోళ్లరంగుతో రాస్తే రబ్బరు వంగినప్పుడల్లా పెచ్చులుగా లేచిపోయింది. అప్పుడు వదిన సీకు తీసి గ్యాసు మంట మీద పెట్టింది. వంటగది నిండా కాలిన రబ్బరు కంపు. ఒక చెప్పు మీద ఎనిమిది కరిగి పూరీలా పొంగింది. "రెండో దాని మీద చూస్కుంటరు తియ్యి" అని నంబరు పూర్తిచేసింది. ఆపైన సీకు గాలిలో పట్టుకుని నన్ను చూసింది.

"పేరు గూడ రాస్త."

"వద్దు భాభీ. పేరు వద్దు."

అన్న పేరు అబ్దుల్‌తో మొదలవుతుంది. రెండో సగం అల్లాహ్ శుభనామాల్లో ఒకటి. అది కాలి కిందికి పోకూడదు. ఇక్కడ కూడా రాయడం లేదు. ఈ పుస్తకం కాగితాలు రేపు ఏ మిర్చి బజ్జీలకు పొట్లమవుతాయో నాకేం తెలుసు?

"మనిషే పోతుండు మియా, పేరు కాడ లొల్లి ఏంది? మనమెందుకు రాస్తున్నమో అల్లాకు తెల్వదా?"

"తెలుసు. గని ఇది భాయ్‌జాన్ నేర్పిందే."

"ఆయనకిప్పుడు యాదికి లేదు కద."

"మనకున్నది."

ఆమె సీకును నీళ్లలో ముంచింది. అది చాలాసేపు చుయ్యిమంది.

ఒక శుక్రవారం నమాజు అయ్యాక, జనం తోపులాటలో అన్న చెయ్యి నా చేతిలోంచి జారింది. మెట్ల దగ్గర వెతికాను, గల్లీలన్నీ తిరిగాను. పొద్దు వాలి అసర్ నమాజు వేళకు ఫోను మోగింది.

"సలామలేకుం భాయ్. బహదూర్‌పురా కెల్లి మాట్లాడుతున్న. ఈ చెప్పుల మీద మీ నంబరున్నది."

గోడకు ఆనుకుని అల్‌హమ్‌దులిల్లాహ్ అన్నాను. "ఆయనకు జర చాయ్ తాపియ్యి భాయ్, కూసోబెట్టు. వస్తున్న."

"ఎవలికి?"

"ఆ చెప్పులేసుకున్నాయనకు."

"ఏసుకున్నది నేనే భాయ్. మసీదుల గలతీల ఏసుకొచ్చిన. ఆటో ఆపి చూస్తే నంబరున్నది. చెప్పులకు గింత ఫికరేందా అనుకున్న."

అన్న కాళ్లకు ఇప్పుడు ఇతని చెప్పులున్నాయి. వాటి మీద ఏ నంబరూ లేదు. సంగతి చెబితే అతను అన్నాడు, "నా ఎడమ చెప్పు పట్టీ తెగితే ఎర్ర తీగతోని కట్టిన. యాదికి పెట్టుకో. నేను దబీర్‌పురా దిక్కు చూస్త."

ఆ సాయంత్రమంతా నేను ఒక్క ముఖం కూడా చూడలేదు. పాదాలే చూశాను. పగిలిన మడమలు, గోరింట పెట్టిన వేళ్లు, పరుగెత్తే కాళ్లు, నీలం పట్టీల మీద నీలం పట్టీలు. లోపల దువా నడుస్తూనే ఉంది, కానీ ఆకాశం వైపు తల ఎత్తే వీలు లేదు. తల వంచుకునే అడిగాను.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు దాటాక ఆటో అతను మళ్లీ ఫోను చేశాడు. అన్న దబీర్‌పురా రైల్వే స్టేషన్‌లో బెంచీ మీద దొరికాడు. నేను వెళ్లేసరికి అతను అన్న ముందు గొంతుక్కూర్చుని చెప్పులు మారుస్తున్నాడు. "నా తీగ నేను గుర్తుపట్టనా" అన్నాడు. లేచి నన్ను పక్కకు పిలిచాడు. "పేరడిగిన భాయ్. అబ్దుల్ అంటడు, ఆగుతడు. అబ్దుల్ ఏంది చాచా అంటే ఆస్మాన్ దిక్కు తలెత్తి చూస్తడు."

అబ్దుల్ అంటే ఫలానావారి దాసుడు. ఎవరి దాసుడో చెప్పే సగమే ఆయనకు అందలేదు. చెప్పు మీద నేను రాయనివ్వనిదీ ఆ సగమే. రాసి ఉంటే అది ఇంకొకరి మడమ కింద బహదూర్‌పురా దాకా పోయేది. రాయలేదు కనుక, ఎక్కడా లేకుండా పోయింది. రెండింటిలో ఏది మేలో తేల్చే ఇల్మ్, అంత చదువు నాకు లేదు. ఇంటికి వచ్చాక వదిన ఆయన కాళ్లు కడిగింది. నాతో ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు అన్న నడవడు. అరగదీసే మడమ లేక, రబ్బరు మీద అంకెలు అలాగే ఉన్నాయి, పొంగిన ఎనిమిదితో సహా. పారేయనా అని వదినను అడిగితే, గడప దగ్గర పెట్టమంది. పెట్టాను. రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజు తర్వాత ఆయన కుడిచెవి దగ్గర వంగి పూర్తి పేరు పిలుస్తాను. ఒకరోజు మొదటి సగానికి కళ్లు తెరుస్తాడు, ఒకరోజు రెండో సగానికి, చాలా రోజులు దేనికీ కాదు. ఆయన పుట్టినప్పుడు మా తాత ఆ చెవిలోనే అజాన్ ఇచ్చి ఆ పేరుతో మొదటిసారి పిలిచాడట. ఒక ఆయుష్షంతా దాటి మళ్లీ ఆ చెవి దగ్గరికే వచ్చాం. ఈసారి మాత్రం, పిలుస్తున్న నేను ఎవరినో ఆయనకు తెలియదు.