మంచినీళ్ల పంపు మీద పారమ్మ అభ్యంతరం

కోవిడ్ లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది నేను ఒడిశాలోని గంజాం జిల్లాలో, ఛత్రపురానికి దగ్గర్లో ఉన్న ఒక సముద్రపు ఒడ్డు పంచాయతీలో పి.ఇ.ఓ.గా పనిచేస్తున్నాను. అంటే పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌ని. పేరు పెద్దదే కానీ పని మాత్రం తీర్మానాలు రాయడం, రికార్డులు చూసుకోవడం, మండలాఫీసు లాంటి బ్లాక్ ఆఫీసు అడిగిన కాగితం అడిగిన రోజుకి పంపడం. మాది బరంపురంలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. ఆ పంచాయతీలో రోడ్డు వైపు ఊళ్లు ఒడియా మాట్లాడతాయి, ఒడ్డునున్న జాలరి పేటలు తెలుగు మాట్లాడతాయి. నన్ను అక్కడికి వేయడానికి అదీ ఒక కారణం అయ్యుంటుంది.

సర్పంచ్ పారమ్మ జాలరి పేట మనిషి. వయసు యాభై దాటింది. ఇసుక మీద చేపలు ఎండబెట్టి, గంపలకెత్తి ఛత్రపురం బజారులో అమ్మేది. సర్పంచ్ అయ్యాక కూడా ఆ పని మానలేదు. ఒడియా బాగానే మాట్లాడేది, అక్షరాలు మాత్రం కూడబలుక్కుని చదివేది. ఏ కాగితమైనా నాచేత చదివించుకోకుండా సంతకం పెట్టేది కాదు.

ఒడ్డున ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్లే. అందుకే లోపల సరుగుడు తోటల దగ్గర ఒక బోరుకి మోటారు బిగించి, పైపు ద్వారా పేటలోని ట్యాంకుకి నీళ్లు ఎక్కించేవాళ్లం. రోజుకి మూడుసార్లు. ఆ ఏడాది కరెంటు కంపెనీ వాళ్లు పంపు మీటరు మార్చారు. తర్వాత వచ్చిన బిల్లులో కేటగిరీ మారిపోయింది.

కేటగిరీ గురించి రెండు మాటలు చెప్పాలి. కరెంటు యూనిట్ ఒకటే అయినా, దాన్ని దేనికి వాడుతున్నామన్నదాన్ని బట్టి రేటు ఉంటుంది. ఊరి నీళ్ల పంపుకి ఒక రేటు, దుకాణానికి ఇంకో రేటు. మా పంపు గదికి ఆనుకుని వలలు బాగుచేసుకునే పాక ఒకటి ఉంది. అందులో ఒక బల్బు పంపు మీటరు నుంచే వెలిగేది. పాకలో వ్యాపారం జరుగుతోందని రాసి, మొత్తం కనెక్షన్‌ని దుకాణాల కేటగిరీలో వేశారు. కరెంటుకని మేము ఏడాదికి పెట్టుకున్న సొమ్ము సగం ఏడాదికే అయిపోయింది. చేసేది లేక పంపుని పొద్దుట ఒక్కసారే తిప్పాల్సి వచ్చింది. ఆ వేళకి పేటలో సగంమంది ఆడవాళ్లు చేపల గంపలతో బజారుకి పోయి ఉంటారు. మధ్యాహ్నం తిరిగొచ్చి, ఎండలో బోరు దాకా నడిచి, పక్క పొలం రైతుని బతిమాలి అతని మోటారు దగ్గర బిందెలు నింపుకునేవారు.

సబ్‌డివిజన్ ఆఫీసుకి ఇద్దరం రెండుసార్లు వెళ్లాం. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడే. "సిస్టమ్‌లో అలా పడింది మేడమ్. మా చేతిలో ఏమీ లేదు" అన్నాడు ఒడియాలో.

"మరి ఎవల సేతిలో ఉన్నాదో కనుక్కోండి మేడమ్" అంది పారమ్మ నాతో.

అడిగాను. ఆయన చూపుడువేలు పైకి చూపించాడు. పారమ్మ తలెత్తి తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది. ఇద్దరం బయటికి వచ్చేశాం.

అప్పుడే పేపర్లో ఒక ప్రకటన పడింది. మా ప్రాంతమంతటికీ కరెంటు పంచేది ఒక్కటే కంపెనీ. రేట్లు దాని ఇష్టం కాదు. ఏటా టారిఫ్ పిటిషన్ వేసి, వచ్చే ఏడాదికి ఇంత కావాలని విద్యుత్ నియంత్రణ కమిషన్‌ని అడగాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే అఫిడవిట్ రూపంలో ఇవ్వొచ్చు, విచారణలో మాట్లాడొచ్చు. ఆ ఏడాది కంపెనీ నీళ్ల పంపుల రేటు కూడా పెంచమని అడిగింది. ఆ సంగతి పారమ్మకి చెప్పాను.

"అంటే పంచాయతీ కూడా అడగొచ్చేటి?"

"అడగొచ్చు. కానీ ఇంతవరకూ మన బ్లాకులో ఏ పంచాయతీ అడగలేదు."

"అడక్కూడదని రాసున్నాదా?"

"లేదు."

"అలగైతే మనం రాద్దాం."

తీర్మానం పెడితే వార్డు మెంబర్లందరూ చేతులెత్తారు. నేను అభ్యంతరం రాశాను, ఛత్రపురం కోర్టు ఆవరణలో నోటరీ చేయించాం. ఆ సంగతి తెలిసి బి.డి.ఓ., అంటే మా బ్లాక్ అధికారి, నన్ను పిలిచారు. "సర్పంచ్ ఎన్నికైన మనిషి, ఆవిడ ఏమైనా అనొచ్చు. నువ్వు ఉద్యోగివి. అక్కడ నోరు జారితే సంజాయిషీ ఇచ్చుకోవలసింది నువ్వే" అన్నారు. నిజానికి ఆయన నా మంచి కోరే అన్నారు. ఆ మాట నా మనసులో గట్టిగా నాటుకుపోయింది.

విచారణ బరంపురంలో ఒక ప్రభుత్వ హాల్లో పెట్టారు. వేదిక మీద కమిషన్ చైర్మన్, ఇద్దరు సభ్యులు. ఒక పక్క కంపెనీ అధికారులు, వాళ్ల లాయర్లు. మరో పక్క మేము, మిల్లుల వాళ్లు, వ్యాపార సంఘం వాళ్లు, పిటిషన్లు వేయడం అలవాటైన ఒక రిటైర్డ్ ఇంజనీరు. చాలామంది ఇంగ్లిషులో లెక్కలు చదివారు. పంచాయతీ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అయింది.

పారమ్మ లేచి నిలబడింది. ఒడియాలో మాట్లాడుతుందనే అనుకున్నాను. ఆమె నా వైపు తిరిగి, "నాను తెలుగులో సెప్తాను, మీరు ఆలకి సెప్పండి" అంది. నేను కంగారుగా చైర్మన్ వైపు చూశాను. ఆయన సరేనన్నట్టు చెయ్యి ఊపారు.

ముందు నీళ్ల సంగతి చెప్పింది. వలల పాకలో బల్బు సంగతి చెప్పింది. "ఆ బల్బు పీకేయమంటే ఇప్పుడే పీకించేస్తాను. మంచినీళ్ల పంపుని పట్టుకుని కొట్టు అనకండి" అంది. అంతవరకూ నేను సరిగానే చెప్పాను.

తర్వాత ఆమె కంపెనీ వాళ్లు కూర్చున్న వైపు తిరిగింది. "నాను సేపలు అమ్ముతాను. నా సేప బాగోకపోతే కొనేటోళ్లు పక్క గంపకాడికి ఎల్లిపోతారు. ఆ బయానికే నాను పాసిపోయిన సేప అమ్మను. ఈలకి పక్క గంప లేదు కదా. మరి ఈలు ఎవలికి బయపడతారు?"

హాల్లో తెలుగు తెలిసినవాళ్లు కొందరు నవ్వారు. నాకు బి.డి.ఓ. గారి మాట గుర్తొచ్చింది. నా నోట్లోంచి ఒడియాలో వచ్చిన వాక్యం ఇది: "గ్రామస్థులకు వేరే ప్రత్యామ్నాయం లేనందున, సానుభూతితో పరిశీలించవలసిందిగా సర్పంచ్ కోరుతున్నారు."

చైర్మన్ తల ఊపి ఏదో రాసుకోబోయారు. పారమ్మ కూర్చోలేదు.

"నాను కోరలేదు మేడమ్, అడిగినాను" అంది నాతో. తర్వాత వేదిక వైపు తిరిగి ఒడియాలో, "అయ్యా, నేనన్నది ఇది కాదు. మేడమ్ తగ్గించి చెప్పింది" అంది.

నా చెవులు వేడెక్కిపోయాయి. చైర్మన్ కళ్లజోడు తీసి నా వైపు చూశారు. ఆ చూపులో కోపమేమీ లేదు. "ఆవిడ ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నారు.

ఈసారి గంపతో సహా చెప్పాను. పాచిపోయిన చేపతో సహా, ఎవరికి భయపడతారు అన్న మాటతో సహా.

కంపెనీ లాయరు లేచి, ఈ వ్యాఖ్య పిటిషన్‌కి సంబంధం లేనిదని అన్నారు. చైర్మన్ ఆయన్ని కూర్చోమన్నారు. "సంబంధం ఉంది. కాకపోతే ఆ ప్రశ్న మీకు కాదు, మాకు. ఇంకో కంపెనీ లేని చోట వీళ్లు భయపడాల్సింది మాకు" అన్నారు. పక్కనున్న స్టెనోగ్రాఫర్‌తో, "సర్పంచ్ మాటలు అలాగే రాసుకోండి" అన్నారు.

బస్టాండుకి ఆటోలో వస్తుంటే నేనే మాట కదిపాను. "క్షమించండి పారమ్మగారూ. నాకు భయమేసింది."

"నాకూ ఏసింది మేడమ్. ఒడియాలో బేరమాడ్డం వచ్చు గానీ, ఇలగ నిలబడి అడగడం తెలుగులోనే వచ్చు నాకు. అందుకే మీకు సెప్పమన్నాను." మళ్లీ తనే అంది. "మీది ఉద్యోగం. నాకు తెలుసు. తప్పనట్లేదు. కానీ నీలు లేనిది మాకు గదా."

వారం తిరక్కుండా బ్లాక్ ఆఫీసు నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. సర్పంచ్ మాటలను సర్పంచ్ కోరిక మీద, చైర్మన్ ఆదేశం మీద అనువదించానని జవాబు రాశాను. దాని మీద మళ్లీ ఎవరూ ఏమీ అడగలేదు. కానీ ఆ ఫైలు మూసేదాకా నాకు సరిగా నిద్ర పట్టలేదు.

కొన్ని నెలలకి కమిషన్ ఆర్డరు వచ్చింది. నీళ్ల పంపుల రేటు పెరిగింది. కంపెనీ అడిగినంత కాదు కానీ పెరిగింది. కాబట్టి మేము గెలిచామని చెప్పుకోవడానికి లేదు. మా కనెక్షన్ గురించి మాత్రం ఒక పేరా ఉంది. ఊరికి నీళ్లిచ్చే పంపు కేటగిరీని ఒక బల్బు కారణంగా మార్చకూడదని, పాకకి వేరే మీటరు ఇచ్చి, పంపుని పాత కేటగిరీలోకి తేవాలని, ఇలాంటివి ఇంకా ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి రిపోర్టు ఇవ్వాలని అందులో ఉంది. దానికి పైన, అభ్యంతరాల వరసలో, పక్క గంప ప్రశ్నని పారమ్మ పేరుతో అచ్చు వేశారు. ఆ పేరా చదివి తెలుగులో వినిపిస్తే పారమ్మ, "పంపు ఎప్పట్నించి మూడుసార్లు తిప్పొచ్చో సెప్పండి ముందు" అంది. ఆ నెలాఖరు నుంచి తిప్పాం.

ఆ తర్వాత రెండు పంచాయతీలు మారాను, ఇంకొన్ని విచారణలకి వెళ్లాను. రేట్లు పెరుగుతూనే ఉన్నాయి, అభ్యంతరాలు రాస్తూనే ఉన్నాం. నా వృత్తిలో మాటల్ని సర్ది రాయడం ఒక నేర్పు అనుకునేదాన్ని. గట్టి మాటని మెత్తబరిస్తే పని జరుగుతుందని, ఎవరికీ నష్టం లేదని నమ్మేదాన్ని. ఆ రోజు నేను మెత్తబరిచింది పారమ్మ మాటని కాదు, ఆమె ప్రశ్ననే. అడిగిన మనిషిని బతిమాలే మనిషిగా మార్చాను. వేరే కంపెనీకి వెళ్లే వీలులేని వాళ్లకి మిగిలేది ఆ ప్రశ్న ఒక్కటే. మధ్యలో నిలబడ్డ మనిషి దాన్ని తగ్గిస్తే, వినడానికి కూర్చున్నవాళ్లు ఎంత మంచివాళ్లయినా వాళ్లకి అది చేరదు.