తాళ్లు చూసే మొగిలయ్య

నాచారం గోడౌన్లో లోడెత్తాక మొగిలయ్య లారీ నేరుగా హైవే ఎక్కదు. యాభై గజాలు పోగానే ఆపి, లుంగీ ఎగ్గట్టి దిగుతాడు. తాళ్లన్నీ గుంజి చూసి, టైర్లు తట్టి, అప్పుడు బయల్దేరతాడు. ముప్పై ఏళ్ల అలవాటు. ఆయుధపూజ నాడు చెంగిచెర్ల మైదానంలో లారీ డ్రైవర్లు పందెం పెట్టుకున్నారు. చక్రాల్లేని ఇనుప బండి మీద ఇసుక బస్తాలు పేర్చి, దాన్ని రోజూ నడిపే లారీకే గొలుసుతో కట్టి ఈడ్చుకుపోవాలి. ఒకసారి ఆగితే అక్కడికే కొలత, ఎక్కువ దూరం లాగినవాడిదే కప్పు. మొగిలయ్య లారీ అందరికంటే జోరుగా లాగింది. సరిగ్గా యాభై గజాల దగ్గర ఆగింది. ఆయన దిగి, వెనక్కొచ్చి, గొలుసు గుంజి చూస్తున్నాడు.

"అయ్యో మామా, ఎందుకు దిగినవ్?" అని అందరూ మొత్తుకున్నారు.

"కట్టు సూడకుండ ఎట్ల పోతర్రా?" అన్నాక గానీ నాలుక కరుచుకోలేదు.

గెలిచిన బాలరాజు కప్పు చంకలో పెట్టుకుని, బస్తాలన్నీ తన లారీకెత్తించి, మొగిలయ్య దగ్గరికొచ్చాడు. "మామా, తాళ్లు జర నువ్వే సూడరాదూ?"

మొగిలయ్య మళ్లీ లుంగీ ఎగ్గట్టాడు.